హంపీ రెండు రోజులు, బాదామి ఒక రోజు, గోవా మూడు రోజులు: ఈ ప్లాన్ సరేనా?

మెతుకుసీమ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు, తప్పులుంటే సర్దుకోండి. నేనూ మా ఆవిడా డిసెంబరు మొదట్లో తొమ్మిది రోజులు బయటికి వెళ్దామనుకుంటున్నాం. పిల్లలు ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు, మేమిద్దరమే. పోయినేడాది ఒక ట్రావెల్స్ ప్యాకేజీలో ఉత్తరాది వెళ్ళొచ్చాం, వాళ్ళ పేరు ఇక్కడ ఎందుకులే గానీ ఎనిమిది రోజుల్లో పదకొండు ఊళ్ళు చూపించారు. చూపించారంటే, బస్సు ఆగేది, గైడు "ఇరవై నిమిషాలే టైం" అని అరిచేవాడు, దిగి టాయిలెట్ ఎక్కడా అని వెతుక్కునేసరికి అందులో పదిహేను గడిచిపోయేవి. ఇంటికొచ్చి ఫోటోలు ముందేసుకుంటే ఏ కోట ఏ ఊళ్ళోదో ఇద్దరికీ గుర్తు లేదు. ఒక ఫోటోలో మా ఆవిడ వెనకాల ఉన్నది రాణీగారి అంతఃపురమా, మేం దిగిన హోటల్ వరండానా అని ఇప్పటికీ మా ఇద్దరికీ పేచీయే.

ఈసారి ఎవరి మీదా ఆధారపడకుండా మేమే వెళ్తాం. నా ప్లాన్ ఇదీ: రైల్లో హోస్పేట, హంపీలో రెండు రోజులు, బాదామి, పట్టదకల్, ఐహోళె మూడూ కలిపి ఒక రోజు, అక్కడి నుంచి గోవా మూడు రోజులు, మిగతాది ప్రయాణాలకి. నాకు పాత గుళ్ళంటే, వాటిని ఫోటోలు తీయడమంటే పిచ్చి. పదేళ్ళ నాటి డీఎస్ఎల్ఆర్ ఒకటుంది, దానితో వచ్చిన 18-55 లెన్సు, మావాడు కొనిచ్చిన 50 లెన్సు, ఒక ట్రైపాడ్. మా ఆవిడకి గుళ్ళకంటే చెట్లూ పిట్టలూ నదీ ఇష్టం. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి, మెట్లు ఎక్కుతుంది గానీ దిగడమే కష్టం. ఇద్దరికీ కుదిరేలా ఈ ప్లాన్‌లో ఏమైనా మార్చాలంటే చెప్పండి. మొహమాటం వద్దు.

తుంగభద్రగట్టు:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా అన్నా, పోయినేడాది మిమ్మల్ని తిప్పిన ఆ గైడు ఈసారి మీలోనే దూరాడు. గోవా తీసేయండి. హంపీలో నాలుగు రాత్రులు, బాదామిలో మూడు రాత్రులు. అంతే.

మాది కర్నూలు, హంపీకి ఎన్నిసార్లు పోయానో లెక్క పెట్టుకోవడం మానేశాను. మొదటిసారి నేనూ రెండు రోజుల్లో "అయిపోగొట్టాను". ఆటోవాడు పొద్దున ఎక్కించుకుని విరూపాక్షుడు, కడలెకాళు గణేశుడు, ఉగ్ర నరసింహుడు, లోటస్ మహల్, ఏనుగుల సాలలు, రాణి స్నానఘట్టం, చివర్లో విఠలాలయం అని గిరగిరా తిప్పి సాయంత్రానికి దింపేశాడు. మళ్ళీ పోయినప్పుడు ఒక మధ్యాహ్నమంతా హజార రామాలయంలోనే కూర్చున్నా. చిన్న గుడే, అరగంటలో చుట్టేసి పోతారు జనం. దాని గోడ మీద రామాయణం వరసగా చెక్కి ఉంటుంది, మనం ప్రదక్షిణం చేస్తూ పోతే కథ ముందుకు నడుస్తుంది. బయట ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, మహర్నవమికి ఊరేగింపు పోతున్నట్టు వరసల మీద వరసలు. అది చూశాక పక్కనే ఉన్న మహర్నవమి దిబ్బ, అంటే ఆ పెద్ద రాతి వేదిక ఎక్కితే ఆ ఊరేగింపు ఎవరి ముందు నుంచి పోయేదో తెలుస్తుంది. ఆటోవాడు ఈ రెంటినీ వేర్వేరు "పాయింట్లు"గా చూపించాడు నాకు, మధ్యలో టీ కూడా తాగించాడు.

మీ కెమెరా కోసం ఇంకొకటి. విరూపాక్షాలయంలో గర్భగుడి వెనక భాగంలో ఒక చీకటి గది ఉంది. అక్కడ గోడకి చిన్న కన్నం, అందులోంచి వచ్చే వెలుగులో తూర్పు గోపురం బొమ్మ ఎదురుగోడ మీద తలకిందులుగా పడుతుంది. తొమ్మిది అంతస్తుల గోపురం అది. ఎవడు అనుకుని కట్టాడో, అనుకోకుండా జరిగిందో గానీ మీ చేతిలో ఉన్న కెమెరా పని చేసేది కూడా ఆ సూత్రం మీదే. ఎండ బాగా కాసిన రోజు పోండి, మబ్బు పట్టి ఉంటే మరకలాగా ఉంటుంది. ఇలాంటివాటికే రెండో రోజు, మూడో రోజు కావాలనేది.

ఇంకొక మాట, పాత బ్లాగులు చదివి నది అవతల విరూపాపుర గడ్డ మీద గది వెతకకండి. అక్కడి గెస్ట్‌హౌసులన్నీ కోర్టు తీర్పు తర్వాత 2020లో పడగొట్టేశారు. కమలాపురంలోనో హోస్పేటలోనో చూసుకోండి, హోస్పేట హంపీకి పదమూడు కిలోమీటర్లే. హంపీ ఉత్సవం ఏ తేదీల్లో పెట్టారో ముందే కనుక్కోండి, ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, దొరికినా రేటు వింటే కళ్ళు తిరుగుతాయి.

హడావిడి ఎక్స్‌ప్రెస్:

నేను ఒప్పుకోను. తుంగభద్ర అన్న అక్కడికి బస్సెక్కితే పోగలడు, ఎన్నిసార్లయినా పోతాడు, ఒక గోడ ముందు మధ్యాహ్నమంతా కూర్చుంటాడు. అందరికీ అలా కుదరదు కదా. నాకు ఏడాదికి ఒక్కసారి వారం సెలవు దొరకడమే గగనం, మళ్ళీ ఆ వైపు ఎప్పుడు పోతానో ఏమో, దొరికినప్పుడు నాలుగు చూసేస్తేనే తృప్తి. పైగా నిజం చెప్పండి, మూడో రోజుకి రాళ్ళన్నీ ఒకేలా కనపడవా? నాకు కనపడ్డాయి. నాలుగో రోజు గదిలో పడుకుని సినిమా చూశాను.

గోవా అంటే బీచీ, బీరూ అనుకుని తీసేయమంటున్నట్టున్నారు. పాత గోవా చర్చిలు ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది హంపీ ఎక్కిన సంవత్సరమే, 1986. వారసత్వం అంటే మన రాళ్ళేనా?

తుంగభద్రగట్టు:

చర్చిల మాట నిజమే తమ్ముడూ, అవి చూడాల్సినవే, కాదనలేదు. వాటికీ నాలుగు రోజులు పెట్టుకుని విడిగా పొమ్మంటా. హంపీ నుంచి గోవా పోవడానికి ఒక రోజు, అక్కడి నుంచి ఇంటికి ఇంకొక రోజు, ఆ రెండు రోజులూ కిటికీలోంచి చూడటమే. పరుగెత్తి పాలు తాగేకంటే అని పెద్దలన్నదే, పూర్తి చేయను. నాలుగో రోజు సినిమా చూడటంలో తప్పేమీ లేదు, నేనూ చూస్తా. సెలవంటే అదీ సెలవే.

కెమెరాబ్యాగు:

మెతుకుసీమ గారూ, మీరు ఎన్ని రోజులు ఉండాలో వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు గానీ కెమెరా సంగతి నేను చెప్తాను.

ముందు చేదు మాట. ట్రైపాడ్ ఇంట్లో పెట్టేయండి. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందస్తు అనుమతి లేకుండా వాడనివ్వరు, మోసుకెళ్ళి గేటు దగ్గర కాపలా పెట్టుకోవడం తప్ప ప్రయోజనం లేదు. డ్రోన్ ఊసే వద్దు. మామూలు కెమెరాకి ఏ గొడవా లేదు. నేను చేసేదేంటంటే, అర కిలో బియ్యం పట్టే గుడ్డ సంచీ ఒకటి కుట్టించుకున్నాను. చీకటి మంటపాల్లో దాన్ని నేల మీద వేసి, కెమెరా దాంట్లో గుచ్చినట్టు కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలేస్తే అర సెకను ఎక్స్‌పోజర్ కూడా వణక్కుండా వస్తుంది. నేల మీద నుంచి పైకి చూస్తే స్తంభాలు ఇంకా ఠీవిగా కనపడతాయి కూడా. చెక్కిన రాయి మీద మాత్రం ఏదీ పెట్టకండి, ఆనుకోకండి. కొన్ని స్తంభాల బొమ్మలు నడుము ఎత్తులో నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంటాయి చూడండి, అదంతా మన జనం వీపుల పనే. ఊరి నుంచి వచ్చాక ఆ బియ్యం వండుకోవచ్చు. ఒకసారి వండాను.

50 లెన్సు మంచిదే. కానీ మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి అది 75, 80 లెన్సులా చూస్తుంది. మంటపం లోపల వెనక్కి జరిగి జరిగి గోడకి తగిలినా మొత్తం పట్టదు. లోపల 18-55ని 18 దగ్గర పెట్టుకోండి, ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగులో కూడా ఫోటో వచ్చేలా పెంచుకునే సెట్టింగు, 1600, 3200 దాకా పెంచడానికి భయపడకండి, కొంచెం గరుకు వస్తే వచ్చింది, వణికిన ఫోటోకంటే నయం. 50ని శిల్పాల మొహాలకి దాచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. అందరూ పొద్దున వెలుగు, సాయంత్రం వెలుగు అని చెప్పి మధ్యాహ్నం కెమెరా మూసేయమంటారు. గోపురాలకీ కొండలకీ నదికీ అది నిజం. గోడల మీది చెక్కడానికి మాత్రం కాదు. లోతు తక్కువ చెక్కడం కనపడాలంటే వెలుగు దాని మొహం మీద పడకూడదు, గోడ వెంట జారాలి. డిసెంబరులో హంపీలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుంపావు ప్రాంతంలో. నడినెత్తి అంటున్నా గానీ చలికాలం కాబట్టి దక్షిణానికి వాలి ఉంటాడు. తూర్పు గోడకి ఆ వేళకి కాస్త ముందు, పడమటి గోడకి కాస్త తర్వాత ఎండ పై నుంచి గోడని గీరుకుంటూ కిందికి దిగుతుంది. ఆ ఇరవై నిమిషాలు ప్రతి కనుబొమ్మా, ప్రతి గజ్జా విడివిడిగా లేచి నిలబడతాయి. అదే తూర్పు గోడని పొద్దున ఎనిమిదింటికి చూస్తే వెలుగు ఎదురుగా పడి అట్టముక్కలా ఉంటుంది. ఇక ఉత్తరపు గోడకి సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా నేరుగా ఎండే తగలదు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, నేను కూర్చున్నాను ఒకసారి, తర్వాత ఇంటికొచ్చి దిక్సూచీ కొన్నాను.

హజార రామాలయం మధ్యాహ్నం అని తుంగభద్ర గారు అన్నారు చూశారా, ఆయన తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ సరిగ్గా ఆ వేళకే వెళ్ళండి.

తుంగభద్రగట్టు:

తెలియకే. బయట ఎండకి లోపల కూర్చున్నా.

పెరటిజామ:

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు, ఆవిడ మోకాళ్ళ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా అత్తగారిని తీసుకుని పోయినేడు జనవరిలో వెళ్ళాం, ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, కర్ర లేకుండా నడుస్తారు గానీ దిగేటప్పుడు చెయ్యి అందించాలి. కాబట్టి నా మాట వినండి.

హంపీలో సూర్యోదయం అనగానే అందరూ మాతంగ కొండ ఎక్కమంటారు. వద్దు. ఎక్కడం సంగతి సరే, ఆ ఎగుడుదిగుడు రాతిమెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు ప్రాణం తీస్తాయి. ఆవిడ పడుకుని ఉండగా మీరొక్కరే వెళ్ళి రండి కావాలంటే. సాయంత్రాలకి హేమకూటం, విరూపాక్షాలయం పక్కనే ఏటవాలు బండ, నెమ్మదిగా నడుచుకుంటూ ఎక్కేయొచ్చు, పైన కూర్చుంటే గోపురం మొత్తం కనపడుతుంది. ఇంకా సుఖంగా ఉండాలంటే మాల్యవంతం. అక్కడి రఘునాథ స్వామి గుడి దాకా ఆటో పోతుంది. వానాకాలమంతా రాముడు అక్కడే ఆగి ఎదురుచూశాడంటారు. లోపల రామచరితమానస్ పారాయణ ఆగకుండా సాగుతూ ఉంటుంది. గుడి వెనక బండల మీదికి పోతే సూర్యాస్తమయం. మా అత్తగారు రెండు సాయంత్రాలు అక్కడికే వెళ్దామన్నారు, ఒకసారి సూర్యుడి కోసం, ఒకసారి పారాయణ కోసం.

విఠలాలయానికి కిలోమీటరు ముందే బండి ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండి ఉంటుంది, క్యూ ఉంటుంది. సెలవు రోజుల్లో, శనాదివారాల్లో ఆ క్యూలో నిలబడటానికే ఒక పూట. మామూలు రోజు తెరిచే వేళకి వెళ్ళండి. రాతిరథం అదే, కొత్త యాభై నోటు వెనక ఉన్నది. మోగే స్తంభాల్ని తట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, అన్ని వందల ఏళ్ళు నిలబడ్డవి మన వేళ్ళకి అరగాలా? టికెట్ నలభై రూపాయలు, అదే రోజు అదే టికెట్‌తో లోటస్ మహల్ ఉన్న ఆవరణ, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చు. దాంతో అందరూ ఆ మూడూ ఒక్కరోజే చూసేయాలని పరుగులు. ఇద్దరికి ఎనభై రూపాయలు మిగుల్చుకోవడానికి రోజంతా చెడగొట్టుకోకండి, ఇంకోరోజు ఇంకో టికెట్ కొనండి.

ఆవిడకి పిట్టలన్నారు కదా. ఒక మధ్యాహ్నం దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యానికి వెళ్ళండి. కాపలావాళ్ళు బండల మీద తీపిముద్ద పూసి వస్తారు, ఎండ తగ్గాక ఎలుగుబంట్లు గుట్టల్లోంచి దిగి వచ్చి నాకుతాయి, మనం మంచె మీద నుంచి చూడాలి. దూరం చాలా ఉంటుంది. మీ 55 లెన్సుకి నల్లటి చుక్కలు పడతాయి, ఆ పూట కెమెరా వదిలేసి బైనాక్యులర్స్ అద్దెకో అప్పుకో తెచ్చుకోండి. నెమళ్ళు, కౌజులు, ఇంకా పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది ఆ బండల్లో, అది దక్షిణాదిలో ఇలాంటి రాతిగుట్టల్లో తప్ప దొరకదు. మా అత్తగారు ఎలుగుబంటిని చూసి "పాపం దానికీ మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి" అన్నారు, దాని నడక అలాగే ఉంటుంది మరి.

నదిలో పుట్టి ఎక్కించండి, ఆనెగొంది వైపు. కానీ డ్యాం గేట్లు ఎత్తి నది పొంగినప్పుడు నడపరు. డిసెంబరులో మామూలుగా ఇబ్బంది ఉండదు.

మెతుకుసీమ:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మీ అందరి జవాబులూ మా ఆవిడకి చదివి వినిపించాను. గోవా తీసేయడానికి ఒక్క నిమిషం పట్టింది, నాకంటే ముందు తనే తీసేసింది. పెరటిజామ గారూ, మీ అత్తగారికి నమస్కారాలు చెప్పమంది.

ఇంక రెండు సందేహాలు. హోస్పేట నుంచి బాదామికి ఎలా వెళ్ళాలి? రెండోది, బాదామిలో మూడు రాత్రులు ఎక్కువ కాదా? చిన్న ఊరు, నాలుగు గుహలు అంటున్నారు. సాయంత్రాలు ఏం చేయాలి?

కెమెరాబ్యాగు:

రైలంటే గదగ్‌లో మారాలి, షోలాపూర్ వైపు పోయే లైనులో బాదామి వస్తుంది. వేళలు కలిస్తేనే సుఖం. లేదంటే కారు మాట్లాడుకోండి, నూట నలభై కిలోమీటర్ల లోపే, మధ్యలో టీకి ఆగినా మూడున్నర గంటలు.

మూడు రాత్రులు ఎక్కువ కాదు, నాకైతే హంపీకంటే బాదామే ఇష్టం, ఇలా అంటే ఇక్కడ కొందరికి కోపం వస్తుంది. హంపీది గ్రానైటు, గట్టిరాయి, బూడిద రంగు, సాయంత్రం ఒక్క పావుగంట తేనెరంగు తిరుగుతుంది. బాదామిది ఎర్ర ఇసుకరాయి. ఉలికి లొంగే రాయి కాబట్టి అంత లోతుగా చెక్కారు. మొదటి గుహలో పద్దెనిమిది చేతుల నటరాజు ఉన్నాడు, మెట్లెక్కగానే కుడిచేతి వైపు. రెండేసి చేతులు చొప్పున చూడండి, ఒక్క ఒంటికి తొమ్మిది రకాల నాట్యం. మూడో గుహ అన్నిటికంటే పెద్దది. అందులో శాసనం ఉంది, శక సంవత్సరం 500, అంటే 578. తేదీ అంత కచ్చితంగా తెలిసిన పాత గుహ దొరకడం అరుదు. శేషుడి మీద కూర్చున్న విష్ణువు, త్రివిక్రముడు, పైకప్పు మూలల్లో వెలిసిపోయిన రంగుల జాడలు. నాలుగోది జైనులది. మెట్లు ఉన్నాయి గానీ ఒక్కో గుహకీ మధ్య ఆగొచ్చు, కూర్చోవచ్చు. తిరిగి దిగేటప్పుడే ఆవిడకి చెయ్యి ఇవ్వండి.

సాయంత్రాలా? గుహల కింద చెరువు ఉంది, అగస్త్య తీర్థం. దాని తూర్పు కొసన భూతనాథ ఆలయం, నీళ్ళలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు ఉంటుంది. అది పడమటి వైపు చూస్తుంది కాబట్టి సాయంత్రం ఎండంతా దాని మొహం మీదే. రెండు సాయంత్రాలూ అక్కడే గడపండి, మొదటి సాయంత్రం ఫోటోలు తీయండి, రెండో సాయంత్రం తీయకండి.

తుంగభద్రగట్టు:

కోపమేమీ రాలేదు గానీ గమనించాను.

బాదామి అంటే వాతాపి అన్నా. మన ఇళ్ళల్లో చంటిపిల్లలకి పాలు పట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు చూడు, ఆ వాతాపి. అగస్త్యుడు ఆ రాక్షసుణ్ణి అరిగించుకున్న కథ ఆ ఊరికే చెప్తారు, అందుకే చెరువుకి ఆ పేరు. చాళుక్యుల రాజధాని. రెండో పులకేశి చివరి రోజుల్లో 642లో పల్లవ నరసింహవర్మ వచ్చి ఊరు పట్టుకున్నాడు. దాదాపు వందేళ్ళ తర్వాత చాళుక్య విక్రమాదిత్యుడు కంచిని గెలిచి బదులు తీర్చుకున్నాడు. ఆ గెలుపు గుర్తుగా ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్‌లో విరూపాక్షాలయం కట్టించింది. రెండో రాణి ఊరుకుంటుందా, పక్కనే మల్లికార్జునాలయం. రెండు గుళ్ళనీ పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేములో తీసి, ఏది ఎవరిదో చూసేవాళ్ళని కనుక్కోమను.

పట్టదకల్ బాదామికి ఇరవై రెండు కిలోమీటర్లు, ఐహోళె అక్కడి నుంచి ఇంకో పదమూడు. జనం రెండూ ఒకే రోజు చూస్తారు. మీరు మాత్రం ఒక రోజు పట్టదకల్, ఒక రోజు ఐహోళె పెట్టుకోండి. పట్టదకల్‌లో ఉత్తరాది శిఖరం గుడీ, దక్షిణాది విమానం గుడీ ఒకే పచ్చిక మీద పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఆ తేడా కళ్ళకి అలవాటు కావడానికే ఒక గంట. ఐహోళెలో దుర్గ గుడి అంటారు, అమ్మవారిది కాదు, దుర్గం అంటే కోట, ఆ కోటని బట్టి వచ్చిన పేరు. వెనక భాగం గుండ్రంగా ఉంటుంది, చుట్టూ వరండాలో నీడలూ వెలుగులూ గళ్ళు గళ్ళుగా పడతాయి. కొండ మీద మేగుటి గుడిలో 634 నాటి శాసనం ఉంది, రవికీర్తి రాసింది. మెట్లున్నాయి, ఆవిడ కింద చెట్టు నీడన ఉంటే మీరు వెళ్ళి రావొచ్చు.

తిండికి ఖానావళి, అంటే భోజనశాల, బోర్డు ఉన్నచోట కూర్చోండి. జొన్నరొట్టె, గుత్తివంకాయ లాంటి ఎణ్ణెగాయి, మీద శేంగా, అంటే వేరుశెనగ, చట్నీ పొడి. రొట్టెలు వేస్తూనే ఉంటారు, చాలు అని చెయ్యి అడ్డం పెట్టాలి.

పెరటిజామ:

కోతులు! ఎవరూ చెప్పలేదు. బాదామి గుహల దగ్గర కోతులు చేతిలో ప్లాస్టిక్ కవరు కనపడితే వదలవు. లోపల ఏముందో వాటికి అనవసరం, కవరు ఉంటే చాలు. అన్నీ జిప్పు ఉన్న బ్యాగులో పెట్టుకోండి.

హడావిడి ఎక్స్‌ప్రెస్:

సరే, ఓడిపోయాను. ఎణ్ణెగాయి అనేసరికి నాకూ వెళ్ళాలని ఉంది. నాలుగు రోజుల్లో అయ్యే ప్లాన్ ఎవరైనా చెప్పండి, ప్లీజ్, బాదామి ఒక్కటే అయినా సరే.

మెతుకుసీమ (జనవరిలో):

వెళ్ళొచ్చాం. రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా.

పెరటిజామ గారూ, మీరు చెప్పినా వినలేదు. రెండో గుహ మెట్ల దగ్గర మా ఆవిడ చేతిలో జామకాయల కవరు ఉంది, ఒక ముసలి కోతి ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ వచ్చి, తన వస్తువు తను తీసుకున్నట్టు తీసుకుని వెళ్ళి ఎదురుగా కూర్చుని తిన్నది. జామకాయలతో పాటు నా కళ్ళజోడు పెట్టె కూడా ఆ కవర్లోనే. అరగంట బతిమాలాక అక్కడ పనిచేసే ఒకతను రెండు అరటిపళ్ళు చూపించి పెట్టె వెనక్కి ఇప్పించాడు. కళ్ళజోడు బాగానే ఉంది, పెట్టె మీద పంటిగాట్లున్నాయి, అది మార్చను.

హంపీలో చీకటి గది మూడుసార్లు వెళ్ళాను. మొదటిరోజు మబ్బు. రెండోరోజు జనం, ఒకాయన ఫోన్ టార్చి వేసి బొమ్మ ఎక్కడా అని గోడంతా వెతుకుతున్నాడు, ఆ వెలుగుకి బొమ్మ మాయం, ఆయన వెతుకుతూనే ఉన్నాడు. మూడోరోజు మేమిద్దరమే. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి రెండు నిమిషాలు పట్టింది, అప్పుడు గోడ మీద గోపురం మెల్లగా తేలింది, కలశాలు కిందికి, పునాది పైకి. బియ్యం సంచీ వేసి తీశాను. ఫోటో వచ్చింది, అంత గొప్పగా ఏమీ లేదు. మా ఆవిడ మాత్రం "ఇదేదో నీ కెమెరాకంటే నయం, బ్యాటరీ అక్కర్లేదు" అంది.

కెమెరాబ్యాగు గారూ, హజార రామాలయం పడమటి గోడ, పన్నెండున్నర. అంతకు ముందురోజు పొద్దున పదింటికి అదే గోడ ముందు నిలబడి ఏమీ లేదే అనుకుని వెళ్ళిపోయిన మాట నిజం. మర్నాడు మీరు చెప్పిన వేళకి వెళ్తే ఒక చిన్న రథం చక్రం ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగాను. ఆ ఒక్క గోడ దగ్గరే నూట పది ఫోటోలు తీశాను. మా ఆవిడ పక్కనే నీడలో కూర్చుని పిగిలిపిట్ట కోసం చూసింది, రాలేదు. దరోజీలో వచ్చింది, ఎలుగుబంటి కూడా వచ్చింది, రెండు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని. ఫోటోలో మీరన్నట్టే చుక్క, పెద్ద చుక్క మీద రెండు చిన్న చుక్కలు.

భూతనాథం దగ్గర రెండో సాయంత్రం కెమెరా బ్యాగులోనే ఉంచాను. కష్టమైంది. ఎదురుగట్టున ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతుంటే ఆ దెబ్బ చప్పుడు కొండకి తగిలి మళ్ళీ వచ్చేది, చెయ్యి పైకి లేచాక రెండో చప్పుడు వినపడేది. అది ఫోటోలో ఎలాగూ రాదు.

ఫిబ్రవరిలో రామప్ప గుడికి వెళ్దామంటోంది మా ఆవిడ. పైకప్పు కింద దూలాలకి ఆనించిన నల్లరాతి మదనికలు, ఆ ఆడవాళ్ళ శిల్పాలు ఉన్నాయి కదా, నల్లరాయి, ఎండలో మెరిసిపోతుంది, నీడలో ఏమీ కనపడదు. వాటికి ఏ వేళ వెళ్ళాలి? వరంగల్‌లో ఉండి పోయి రావడం మంచిదా, గుడి ఉన్న పాలంపేట దగ్గర్లోనే రాత్రి ఉండటం మంచిదా?

కెమెరాబ్యాగు:

నల్లరాయికి ఎండ వద్దు, పల్చటి మబ్బు పట్టిన రోజు కావాలి. అలాంటి రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి దగ్గర్లోనే రెండు రాత్రులు ఉండండి. చెరువు కూడా ఉంది, ఆవిడకి పిట్టలు.